అడవి జరం

రుక్కమ్మకు ఊళ్ళో మంచిపేరు లేదు. ఆమె నోరు ఊరవతలికి వినిపిస్తుందని అనేవాళ్ళు. అది నిజమే. అమ్మానాయనలు ఒకే ఏడాది పోతే, పదిహేనేళ్ళ పిల్ల ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి పెట్టుకుని బతకాలంటే నోరు తప్ప ఇంకేముంది? తర్వాత పెళ్ళయింది. మొగుడు బొంబాయి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఆ సంగతి అడగాలని ఎవరైనా దగ్గరికొస్తే చాటలోని తునికాకు వాళ్ళ మొహాన కొట్టేది. బీడీలు చేసి తమ్ముడు మైసయ్యను పదో తరగతి దాకా చదివించింది. ఆ పిల్లాడు తప్ప ఈ లోకంలో ఆమెకు పనికొచ్చే మనిషి ఒక్కడూ కనిపించలేదు.

ఆ మైసయ్య రెండేళ్ళుగా సిరిసిల్లలో సాంచాలు నడుపుతున్నాడు. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచాలంటారు. అన్నల పార్టీని, అంటే నక్సలైట్లను, సర్కారు నిషేధించిన ఏడాది, వానలు మొదలైన వారానికి, బట్టల సంచీ భుజాన వేసుకుని కోరుట్లలో బస్సు దిగి, నాలుగు మైళ్ళు నడిచి ఇల్లు చేరాడు. గడపలోనే కూలబడ్డాడు.

"అక్కా, సలి పెడుతుంది" అన్నాడు.

మెడకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. చలికి చుట్టుకున్నాడని అనుకుంది రుక్కమ్మ.

ఊళ్ళో వైద్యం చేసేది రాజలింగం. ఏదో దవాఖానలో కాంపౌండరుగా పనిచేసి వచ్చి, ఇంటి ముందు డాక్టరని బోర్డు పెట్టుకున్నాడు. మలేరియా అని గోలీలు ఇచ్చాడు. తగ్గకపోతే సూదులు వేశాడు. ఐదో రోజు గ్లూకోజు ఎక్కించాడు. జ్వరం మధ్యాహ్నం కాస్త దిగినట్టు దిగి, పొద్దుగుంకే వేళకు మళ్ళీ ఒళ్ళు కాలిపోయేది. పన్నెండో రోజుకు మైసయ్య కళ్ళు పచ్చబడ్డాయి. పుల్లతో పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు కారి ఆగలేదు. ఎడమ పక్కటెముకల కింద కడుపులో బల్ల, అంటే ప్లీహం, పెరిగింది. చెయ్యి పెడితే లోపల పీటచెక్క దాచినట్టు గట్టిగా తగిలేది.

రుక్కమ్మ నేరుగా చాయ్ హోటలుకు నడిచింది. రాజలింగం నలుగురి మధ్య కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు.

"ఓ రాజలింగం! నీ సూదులు మా తమ్మునికి పొడుస్తున్నవా, గోడకు పొడుస్తున్నవా?"

"నా సూదికి మూడొద్దులల్ల దిగని జరం ఈ మండలంల లేదు, రుక్కమ్మా" అన్నాడు రాజలింగం, తలెత్తకుండా. "దిగలేదంటె ఆ జరం ఇక్కడిది గాదన్నట్టు. అడవి దోమ కుట్టినోనికి నా మందు పారది. పోరడు ఏడ తిరిగిండో పోరణ్ణే అడుగు."

"సిరిసిల్లల అడవి ఎక్కడున్నదో చెప్పు. సాంచాల సందున చెట్లు మొలిచినయా?"

హోటల్లో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వు రాజలింగానికి గట్టిగా తగిలింది. సాసర్ కింద పెట్టి గొంతు పెంచాడు.

"నాకు అబద్ధమాడే అక్కెర లేదు. అడవి జరం అన్న. అడవి జరమే. ఇరవై ఏండ్ల సంది సూదులేస్తున్న, నాకు తెల్వదా?"

తన మందు పనిచేయలేదని నలుగురిలో ఒప్పుకోలేక అన్న మాట అది. కాని ఆ ఏడాది ఆ మాటకు వేరే బరువు ఉంది; అడవిలో ఉండేది అన్నల దళాలే. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇద్దరు ముగ్గురు కోడిగుడ్లు, బత్తాయిలు తెచ్చి గడప మీద పెట్టి పోయారు. పక్క వాడ నుంచి ఒక ముసలామె వచ్చి రుక్కమ్మ చెవి దగ్గర గుసగుసగా అడిగింది: "మా పిల్లగాడు గూడ అండ్లనే ఉన్నడు బిడ్డా. ఏడనన్న కనవడ్డడా, తమ్ముణ్ణి అడుగరాదు?"

"నా తమ్ముడు బట్ట నేసెటోడు" అంది రుక్కమ్మ. "కావాల్నంటె తువ్వాల ఇస్త, తీస్కపో."

ముసలామె మొహం చిన్నబోయింది. రుక్కమ్మ గుడ్లూ బత్తాయిలూ ఆమె కొంగులోనే పోసి పంపేసింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు.

ఊరి దొర కరుణాకర్ రావు జగిత్యాలలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయి పద్నాలుగేళ్ళయింది. రైతుకూలీ సంఘం వాళ్ళు ఆయన ఇంటికి చాకలిని, మంగలిని, పాలేర్లను బంద్ చేసినప్పుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. కోటలాంటి ఆయన గడీలో ఇప్పుడు పోలీసు క్యాంపు ఉంది. ఎస్సై కోస్తా జిల్లావాడు. ఇక్కడికి రాకముందు గోదావరి అవతల అడవి ఠాణాలో రెండేళ్ళు పనిచేశాడు. అక్కడ నేర్చుకున్న పద్ధతి ఒకటి వెంట తెచ్చుకున్నాడు. అనుమానం ఉన్న పిల్లల్ని చొక్కాలు ఎత్తించి వరసగా నిలబెట్టి, ఎడమ పక్కటెముకల కింద వేళ్ళతో ఒత్తి చూసేవాడు. అడవిలో తిరిగితే మలేరియా, మలేరియా ముదిరితే బల్ల. బల్ల ఉన్నవాడు దళంవాడని ఆయన నమ్మకం.

క్యాంపులో మైసయ్యను అక్క భుజం మీద ఆనించి నిలబెట్టారు. ఎస్సై ఒత్తాడు. మైసయ్య కెవ్వుమన్నాడు.

"ఏ దళం రా?"

"దళం లేదు సార్. సాంచ."

"నెలన్నరగా జ్వరమా?"

"పదమూడొద్దులు సార్" అంది రుక్కమ్మ.

"పదమూడు రోజుల్లో ఇంత బల్ల పెరగదు. వీడు అడవిలో ఉండి కనీసం ఒక వర్షాకాలం గడిచింది."

"పొట్ట ఒత్తితె పేగులు పంచాంగం చెప్తయా సార్?"

కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు. ఎస్సై చేత్తోనే ఆపి, రుక్కమ్మను పైనుంచి కిందికి చూశాడు.

"సిరిసిల్లలో పనిచేశాడని సేటు చేత రాయించుకురా. అప్పటి దాకా వీడు ఊరు దాటకూడదు. పొద్దునా సాయంత్రం వచ్చి సంతకం పెట్టాలి. దాటాడా, ఎక్కడ దాటాడో పేపర్లో చదువుకుంటావు."

ఆ మాటకు అర్థం ఎన్‌కౌంటరని ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మేనమామ బక్కయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు సంఘంలో ముందు నడిచిన మనిషి. ఇప్పుడు అందరికంటే వెనక కూర్చుంటాడు గాని, ఎవరి మాట ఎటు పోతుందో ఆయనకే ముందు తెలుస్తుంది.

"కాయిదం కోసం సిరిసిల్ల పోతవా?" అన్నాడు. "సేటు రాసిస్తడా? రాసిచ్చినా ఆ ఎస్సై నమ్ముతడా? మైసడు అడవిల లేడని గట్టిగ చెప్పగలిగెటోళ్ళు అడవిల ఉన్నోళ్ళే. వాళ్ళ కాయిదం తెమ్మంటవా?"

"నీకు నవ్వులాటగ ఉన్నదా మామా?"

"నవ్వకుంటె ఏం జెయ్యాలె బిడ్డా. క్యాంపు కాడికి మాటిమాటికి పోకు. పోయినోళ్ళను గూడ అన్నలు లెక్కవెడుతున్నరు."

"నిన్ను లెక్కవెట్టుమన్నరా?"

బక్కయ్య తువ్వాల దులుపుకుని లేచిపోయాడు.

మర్నాడు రుక్కమ్మ సిరిసిల్ల పోయింది. బస్టాండు దిగి రెండు గల్లీలు తిరిగేసరికే సాంచాల చప్పుడు చెవుల్లో దూరింది. సేటు షెడ్డు బయట కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"మైసయ్య ఎవ్వడు?" అన్నాడు.

"రెండేండ్లు నీ సాంచ నడిపిండు."

"సాంచ నడిచింది. ఎవడు నడిపిండో సాంచను అడుగు. నా దగ్గర కాయిదం మీద ఒక్క కార్మికుడు లేడమ్మా. ఉన్నడని రాసిస్తె రేపే లేబర్ ఆఫీసోడు వచ్చి నా గడపల కూసుంటడు. ఎల్లుండి పోలీసోళ్ళు. నీ తమ్ముని జరం నాకెందుకు?"

రుక్కమ్మ తిట్టిన తిట్లు సాంచాల చప్పుడును మించి వినిపించాయి. లోపల పనివాళ్ళు తొంగి చూశారు. సేటు కుర్చీ తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. రుక్కమ్మ గల్లీ మలుపు తిరుగుతుంటే వెనక నుంచి ఒకామె పిలిచింది. అదే షెడ్డులో నూలు కండెలు చుట్టే లక్ష్మవ్వ. నెత్తి నిండా దూది నూగు.

"నువ్వేనా మైసయ్య అక్కవు? కండ్లు లేవా నీకు?"

"ఏందే నోరు?"

"నా నోరు గాదు, నీ కండ్లు. చలికాలం సంది పిలగాని మెడ పక్కన గడ్డ లేసింది. నిమ్మకాయంత. పండుకుంటె చెమటలు, బనీను పిండితె నీళ్ళు కారేటివి. ప్యాంటుకు సుతిలి కట్టుకునేటంత సన్నగైండు. టీబీ అనుకొని, మిగిలినోళ్ళకు అంటుతదని సేటే ఎల్లగొట్టిండు. నీకు చెప్పలే?"

రుక్కమ్మ అక్కణ్ణుంచే బస్టాండు వైపు పరుగెత్తింది. 

ఇంటికి రాగానే మైసయ్య మెడ నుంచి తువ్వాల లాగేసింది. గడ్డ నిమ్మకాయ కన్నా పెద్దదైంది. దాని కింద ఇంకో రెండు చిన్నవి.

"ఎందుకు దాచినవ్?"

"నొప్పి లేకుండె" అన్నాడు మైసయ్య. "చెప్తె పని బంద్ చేయించి తోల్కపోతవని చెప్పలె."

చెంప మీద కొట్టబోయి, కాలిపోతున్న ఆ చెంపను చూసి చెయ్యి దించుకుంది.

సేటు కాగితం రాలేదని విని ఎస్సై నవ్వాడు. కాని ఆయనకూ ఒక రుజువు కావాలి. కానిస్టేబుల్‌ను వెంట ఇచ్చి జగిత్యాల పంపాడు. "నెత్తురు పరీక్ష చేయించండి. మలేరియా అని డాక్టరే రాసిస్తుంది. అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

జగిత్యాలలోని డాక్టర్ దమయంతి, దొర కరుణాకర్ రావు కూతురు. సొంత దవాఖాన, దానిలోనే పరీక్షల గది. చీటీ మీద ఊరి పేరు చూసి కలం ఆపింది.

"మీ నాయన పేరు?"

"సాయన్న."

"మా ఇంటికి పాలు పోయొద్దు, బట్టలు ఉతకొద్దు అని డప్పు కొట్టింది ఆ సాయన్ననే గదా?"

"ఆయననే. డప్పు మంచిగ కొట్టేటోడు."

"నాకు అప్పుడు పదహారేండ్లు. జరం వచ్చి పండుకుంటె ఒక్క బొక్కెన నీళ్ళు తోడిచ్చే మనిషి లేడు."

"మాకు ఆ యేడు ఒక్కటే గాదమ్మా, ఏ యేడూ ఎవ్వలూ తోడియ్యలె."

కానిస్టేబుల్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.  దమయంతి మైసయ్యను మంచం మీద పడుకోబెట్టి పరీక్ష మొదలుపెట్టింది. మొహంలోని కోపాన్ని చేతుల్లోకి రానివ్వలేదు. మెడ కింద, చంకల్లో, గజ్జల్లో వెతికింది. కాలేయం, బల్ల ఎంతవరకు వచ్చాయో చర్మం మీద కలంతో గీసింది. నెత్తురు తీసుకుని లోపలికి పోయి రెండు గంటల తర్వాత బయటికి వచ్చింది.

"మూడుసార్లు చూసిన. మలేరియా పురుగు ఒక్కటి లేదు. నెత్తురుల ఎర్రకణాలు, తెల్లకణాలు, నెత్తురు గడ్డకట్టించే కణాలు మూడూ పడిపోతున్నయి. ఏదో లోపల వాటిని తింటున్నది. ఏందో నాకు తెల్వదు. ఎముకల్ల మూలుగ తీసి చూడాలె, ఆ మెడ గడ్డ ముక్క కోసి చూడాలె. అది హైదరాబాదుల్నే అయితది."

"ఎన్నొద్దులు ఆగొచ్చు?"

"నాలుగు. ఐదు. అంతకన్న ఆగితె మెదడుల్నో కడుపుల్నో నెత్తురు కారుతది. నేనే గాదు, ఎవ్వలూ ఏం చెయ్యలేరు."

"అడవి జరం కాదని పెద్దక్షరాలతోని రాయుండ్రి."

"మలేరియా కనిపించలేదని రాసిన. అడవి అనేది డాక్టర్ రాసే మాట కాదు."

"మీ నాయనతోని ఎస్సైకి ఒక్క మాట చెప్పించుండ్రి మరి."

దమయంతి అదోలా నవ్వింది. "మా నాయన గడీ పోలీసోళ్ళకు ఎందుకిచ్చిండు, మీ ఊరి మీద ప్రేమతోనా? సాయన్న కొడుకని తెలిస్తె ఇంకింత ఎక్కువ ఒత్తుమంటడు. పో. ఇక్కడ ఉన్నంతసేపు టైము పోతది."

చీటీని ఎస్సై రెండుసార్లు చదివాడు.

"కనిపించలేదు అని రాసింది. లేదు అని రాయలేదు."

"కణాలు పడిపోతున్నయని రాసింది గద సార్."

"అడవిలో తిండి లేకపోతే పడిపోవా?" చీటీ మడిచి మేజా మీద పెట్టి, దానిమీద లోటా పెట్టాడు. తర్వాత గొంతు మార్చాడు. "చూడమ్మా. ఊరు దాటొద్దన్న మనిషిని హైదరాబాద్ ఎలా పంపను? రేపు పారిపోతే నా ఉద్యోగం పోతుంది. అదే లొంగిపోయినవాడనుకో, మా జీపులోనే పంపుతాను. సర్కారు వైద్యం చేయిస్తుంది. ఈ నెల మా క్యాంపు నుంచి ఒక్క లొంగుబాటూ లేదని పైనుంచి ఫోన్లు కూడా వస్తున్నాయి."

"అడవికి పోనోడు ఎట్ల లొంగుతడు సార్?"

"కాగితం మీద లొంగుతాడు."

రుక్కమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. మైసయ్య చాపలోంచి తల ఎత్తాడు. పెదాల మీద నెత్తురు ఎండి నల్లగా ఉంది.

"వద్దక్కా. రాసిస్తె నేను అడవికి పోయినట్టే గద. పోయి, మళ్ళ లొంగి, అందరి పేర్లు చెప్పినట్టే గద. రేపు అన్నలు వచ్చి ఏ దళంల ఉంటివిరా అని అడిగితె ఏం చెప్పాలె? నేను సాంచ నడిపినోణ్ణి. గట్లనే ఉంట."

"గట్లనే సస్తవ్. నాలుగొద్దులల్ల."

"సస్త. నా పేరు మీదనే సస్త."

బక్కయ్య గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. "పిలగాడు సరిగ్గ చెప్పిండు. వాని మాట విను. రేపు మనిషి దక్కినా ఊరు దక్కది."

"ఊరు! ఊరు తెచ్చిన జరమే ఇది మామా. రాజలింగం నోరు, మీ అందరి చెవులు. ఊరు నాకు అన్నం పెట్టిందా?"

"నీ తమ్మునికి పాడె కట్టేటందుకన్న ఊరు కావాలె గద."

రుక్కమ్మ చేతికందిన చెంబు విసిరింది. అది తలుపు చెక్కకు తగిలి దొర్లింది. బక్కయ్య పోయాడు. ఆమె తమ్ముడి పక్కన కూర్చుని ఇంకో పూట బతిమాలింది, తిట్టింది, తిండి మానేస్తానని బెదిరించింది. మైసయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మాట కాదనడం అదే మొదలు.

రెండో రోజు పొద్దున అతనికి తెలివి తప్పింది. ముక్కులోంచి నెత్తురు దిగుతూనే ఉంది. చేతులు గాల్లో ఆడిస్తూ, తెగిన పోగులు అతుకుతున్నట్టు వేళ్ళు తిప్పుతూ, లేని సాంచతో మాట్లాడాడు. రుక్కమ్మ అతణ్ణి పట్టుకుని ఎంత పిలిచినా గుర్తుపట్టలేదు. ఆమె కొంగుతో నెత్తురు తుడిచి, పక్కింటి రిక్షా బండి గుంజుకుని, దానిలో పడుకోబెట్టి తనే లాక్కుంటూ గడీకి పోయింది. దారిలో తలుపులు మూసుకున్నాయి. ఎవరూ రాలేదు. ఆమె ఎవరినీ పిలవలేదు.

ఎస్సై కాగితం తయారు చేసి ఉంచాడు. సంతకం పెట్టే స్థితిలో మైసయ్య లేడు. పదో తరగతి పాసైన ఆ చేతి బొటనవేలిని రుక్కమ్మే సిరాలో ముంచి, తనే కాగితం మీద అద్దింది. కోరుట్ల నుంచి విలేకరి వచ్చాడు. క్యాంపు పెట్టెలోంచి తపంచా అనే తుప్పుపట్టిన నాటు పిస్తోలు ఒకటి తీసి మైసయ్య ఒళ్ళో పెట్టారు. అది రెండుసార్లు జారి పడింది. కెమెరాకు కనపడకుండా కానిస్టేబుల్ వెనక కూర్చుని అతని వీపు పట్టుకున్నాడు.

"తల ఎత్తించండి" అన్నాడు విలేకరి.

రుక్కమ్మ పక్కకు వంగి తమ్ముడి గడ్డం పట్టి ఎత్తింది. ఫోటోలో ఆమె చెయ్యి రాకుండా కత్తిరించారు.

జీపు మధ్యాహ్నానికి కదిలింది.

హైదరాబాదులో పెద్ద సర్కారు దవాఖాన. తుంటి ఎముకలోకి లావు సూది దించి మూలుగ తీశారు. మెడలోంచి ఒక గడ్డ కోసి తీశారు. నెత్తురు సీసాలు ఎక్కిస్తూనే ఉన్నారు. మూడో రోజు కళ్ళద్దాల డాక్టరు రుక్కమ్మను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన ఓపికగా మాట్లాడే మనిషి. రుక్కమ్మకు అలాంటివాళ్ళ మీద ముందే అనుమానం.

"మన ఒంట్లో క్రిములతో పోట్లాడే కణాలు ఉంటాయమ్మా. క్రిమి చచ్చాక అవి ఆగిపోవాలి. మీ తమ్ముడిలో ఆగడం లేదు. ఒకదాన్ని ఒకటి రెచ్చగొట్టుకుంటూ, తన నెత్తుటి కణాలనే పట్టుకుని మింగుతున్నాయి. మూలుగలో కళ్ళారా చూశాను. జ్వరం దానిదే, పచ్చదనం దానిదే, నెత్తురు కారడం దానిదే. చాలా అరుదైన జబ్బు."

"ఎందుకు రెచ్చిపోయినయ్ సార్?"

"మెడలోది లింఫోమా. ఒక రకం క్యాన్సరు. దాని వెనక ఒక వైరస్ ఉన్నట్టుంది. చిన్నప్పుడు దాదాపు అందరికీ వచ్చి, తెలియకుండానే సద్దుమణిగేది. ఎక్కడో ఒకరిలో సద్దుమణగదు."

"బల్ల?"

"ఆ మింగడమంతా ఎక్కువగా అక్కడే జరుగుతుంది. అందుకే అంత పెరిగింది."

రుక్కమ్మ తన అరచేతుల్లోకి చూసుకుంది. తునికాకు మరక వేళ్ళకు ఇంకా పోలేదు.

"అడవిల తిరిగితె వస్తదా ఇది?"

డాక్టరుకు అర్థం కాలేదు. "అడవికీ దీనికీ సంబంధం ఏముంది? ఎక్కడైనా వస్తుంది."

"గా ముక్క రాసియ్యుండ్రి."

ఆయన విచిత్రంగా చూసి, రాసిచ్చాడు. ముందు ఆ కణాలను అణిచే మందులు పెడతామని, అవి లొంగితే క్యాన్సరు మందు మూడు వారాలకోసారి ఎక్కిస్తామని చెప్పాడు. బతుకుతాడని మాటివ్వలేనన్నాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మాట్లాడుకోవడానికే ఏమీ ఉండేది కాదన్నాడు. ఆ చివరి మాట ఒక్కటే రుక్కమ్మ గట్టిగా పట్టుకుంది.

నాలుగో రోజు జ్వరం దిగింది. ముక్కు నెత్తురు ఆగింది. వారానికి మైసయ్య అక్కను గుర్తుపట్టి, నీళ్ళు అడిగాడు. ఎలా వచ్చామని అడిగితే "జీపుల" అని మాత్రం చెప్పింది. అతను ఇంకేదో అడిగేలోపు గ్లాసు నోటికి పెట్టింది.

తొమ్మిదో రోజు బక్కయ్య వచ్చాడు. మంచం పక్కన నిలబడే ఉన్నాడు, స్టూలు జరిపినా కూర్చోలేదు. సంచీలోంచి మడతపెట్టిన పేపరు తీసి మైసయ్య ఛాతీ మీద పెట్టాడు.

మైసయ్య చదివాడు. పైకే చదివాడు. "దళ సభ్యుడు మైసయ్య అలియాస్ రమేశ్, ఆయుధంతో సహా..." అక్కడ ఆగాడు. ఫోటోను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "నాకు ఇంకో పేరు గూడ పెట్టిన్రా?"

"మీ తలుపు మీద అన్నలు కాయిదం అతికిచ్చిన్రు" అన్నాడు బక్కయ్య. "పోలీసులకు లొంగిన ద్రోహి అని. బావి బంద్, కిరాణం బంద్, నిప్పు బంద్. మీతోని మాట్లాడినోళ్ళకు గూడ బంద్. నేనొచ్చింది ఎవ్వలకు ఎర్క లేదు. మళ్ళ రాను."

రుక్కమ్మ కొంగు ముడిలోంచి డాక్టరు కాగితం తీసింది. "ఇది చూపియ్ మామా. అడవికీ ఈ జరానికీ సంబంధం లేదని పెద్ద డాక్టరే రాసిండు."

బక్కయ్య చదివి తిరిగి ఇచ్చాడు. "పోలేదంటె మరి లొంగుడెందుకని అడుగుతరు. పోయిండంటె ద్రోహి. రెండు దిక్కుల తలుపు నువ్వే మూసినవ్ బిడ్డా."

"మూయకుంటె పాడె మోసేటోనివి. భుజాలు ఖాళీగున్నయని బాధనా?"

బక్కయ్య మేనల్లుడి తల మీద చెయ్యి పెట్టబోయి, వార్డులో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పెట్టకుండానే పోయాడు.

ఆ రోజు నుంచి మైసయ్య అక్కతో మాట్లాడలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు, అదీ గోడకు చెప్పినట్టు: "నాకు పేరు రాయరాదా? వేలిముద్ర వేయిస్తివి."

"వేళ్ళే నీ సోయిల లేవు, కలం ఏడ పడుతవురా?"

 నర్సు ఇస్తే మందు మింగేవాడు, అక్క ఇస్తే గ్లాసు పక్కన పెట్టేసేవాడు. రుక్కమ్మ దవాఖాన వెనక కడుతున్న బిల్డింగులో ఇటుకలు మోసి, అన్నం వండుకుని తెచ్చేది. గిన్నె అతని ముందు పెట్టి, దూరంగా వరండాలో కూర్చునేది. తను కనిపిస్తే తినడని తెలుసు. అక్కడ పక్క మంచాల వాళ్ళతో రోజుకొక తగాదా పెట్టుకునేది.

మొదటి విడత క్యాన్సరు మందు ఎక్కించాక మైసయ్య జుట్టు దిండు మీద కుచ్చులుగా రాలింది. ఒక సాయంత్రం అతను దుప్పటి మెడదాకా లాక్కుని ముడుచుకుని పడుకోవడం వరండాలోంచి చూసింది. మళ్ళీ చలి జ్వరమేననుకుంది. ఇటుక ధూళి ఇంకా చేతుల మీదే ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. కిటికీ గాలికి కప్పుకున్నాడంతే.

"చెయ్యి తియ్" అన్నాడు మైసయ్య.

ఆమె తీయలేదు. ఇంకో చేత్తో ఎడమ పక్కటెముకల కింద తడిమింది. పీటచెక్క గట్టిదనం అక్కడ లేదు. వేళ్ళు మెత్తగా దిగాయి.

"తియ్ అంటున్న గద!"

మోచేయి విసిరి కొట్టాడు. ఆమె మణికట్టు మంచం ఇనుప కమ్మీకి తగిలి ఖంగుమంది. వార్డంతా తిరిగి చూసింది. పక్క మంచం ముసలాయన "అక్కను కొడతవేందిరా?" అని లేచి కూర్చున్నాడు.

"మా ఇంట్ల సంగతి, నీకెందుకు? పండుకో" అంది రుక్కమ్మ ఆయనతో.

మణికట్టు రుద్దుకుంది. ఎముక దాకా నొప్పి పాకింది. మూడు వారాల కింద తమ్ముడి ఆ చెయ్యి చెంచా కూడా లేపలేకపోయింది. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, అతని మోచేతికి అందేంత దూరంలో కూర్చుంది.

"ఇంకోటి కొట్టు" అంది.